లార్నకా ఉప్పు సరస్సులో కనిపిస్తున్నవి మన పులికాట్ రాజహంసలేనా?

ఉప్పుగాలి | నవంబరు 11, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నేను సైప్రస్‌లో, లార్నకాలో చదువుకుంటూ సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేస్తున్నా. ఇక్కడ ఎయిర్‌పోర్టు పక్కనే ఒక ఉప్పు సరస్సు ఉంది. ఆగస్టులో దిగినప్పుడు అది సరస్సు అంటే నేను నమ్మలేదు. చుక్క నీళ్లు లేవు, ఎవరో బస్తాలకొద్దీ ముగ్గుపిండి ఒలకబోసినట్టు తెల్లగా ఉంది. పోయిన వారం రెండు వానలు పడ్డాయి. నిన్న ఆర్డర్ ఇచ్చి తిరిగొస్తుంటే మసీదు వైపు నీళ్ల మీద సన్నగా గులాబీ గీత కనిపించింది. బండి ఆపి ఫోన్‌లో జూమ్ చేశా. పిట్టలు! కనీసం రెండు వందలు ఉంటాయి.

మాది నాయుడుపేట. చిన్నప్పుడు నాన్న స్కూటర్ మీద తడ వైపు తీసుకెళ్లి ఇవే చూపించేవారు. పులికాట్ నుంచి ఇక్కడిదాకా వస్తాయా ఇవి? తెలిసినవాళ్లు చెప్పండి. (అక్కడ నిలబడిపోయి తర్వాతి ఆర్డర్ లేటయింది, ఒక స్టార్ పడింది. అది వేరే ఏడుపు.)

లిమసోల్ రాజు | నవంబరు 11, రాత్రి 11:15

జాతి అదే తమ్ముడూ, గుంపు వేరు. పెద్ద రాజహంస. ఇంకా ఆగు, జనవరికి వేలల్లో ఉంటాయి. మా వైపు అక్రోతీరి ఉప్పు సరస్సుకు కూడా వస్తాయి. మార్చి దాటితే మళ్లీ ముగ్గుపిండే.

సూళ్లూరుపేట మాస్టారు | నవంబరు 12, ఉదయం 6:05

అబ్బయ్యా, నాయుడుపేట అన్నావు కాబట్టి పక్కింటివాడివే. జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, కాస్త ఓపిగ్గా చదువు.

మన పులికాట్‌కు వచ్చే రాజహంసలు ఎక్కువగా కచ్ రణంలో గూళ్లు పెట్టుకునేవి. మీ దగ్గరకొచ్చేవాటిలో కొన్నింటి కాళ్లకు టర్కీలో వేసిన రింగులు దొరికాయి. అక్కడ తూజ్ అనే ఉప్పు సరస్సులో వాటికి పెద్ద స్థావరం ఉంది. కాబట్టి నువ్వు చూసినవి మీ నాన్న చూపించినవి కావు, వాటి జ్ఞాతులు.

నువ్వు ముగ్గుపిండి అన్నదాంట్లోనే అసలు సంగతి ఉంది. ఆ ఎండిన ఉప్పులో ఆర్టీమియా అనే బుల్లి రొయ్య గుడ్లు ఉంటాయి. ఆవగింజ కంటే చాలా చిన్నవి. నీళ్లు లేకపోయినా చావవు, వాన కోసం అట్టే పడి ఉంటాయి. సరస్సు నిండగానే పిల్లలవుతాయి. హంస తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకను పంపులా ఆడిస్తూ నీటిని ముక్కు అంచుల్లోంచి వడగడుతుంది. మన ఇంట్లో టీ వడగట్టినట్టే. ఆ రొయ్యల్లో, నాచులో ఉండే రంగే దాని ఈకలకు పడుతుంది. బూడిద రంగువి కనిపిస్తే అవి పిల్లలు. గులాబీ రంగు పూర్తిగా రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

వాన సరిగ్గా పడని ఏడాది రొయ్య ఉండదు, హంసలూ నిలవవు. ఇక్కడా అంతే. పులికాట్‌లో నీళ్లు లేని ఏడాది సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వచ్చి స్టేజీ మీద డాన్సులు చూసి వెళ్లినవాళ్లు ఎంతమందో.

నికోసియా సత్య | నవంబరు 12, మధ్యాహ్నం 1:20

రాజహంసలు చూసి ఊరుకోకండి బాబూ. అవి టూరిస్టు పిట్టలు. ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నా, బైనాక్యులర్స్ పిచ్చి పట్టి నాలుగేళ్లయింది. ఈ దీవి మన పాత తూర్పు గోదావరి జిల్లా అంత కూడా ఉండదు, 9,251 చదరపు కిలోమీటర్లు. అయినా నాలుగు వందలకు పైగా జాతులు ఇక్కడ నమోదయ్యాయి. అందులో ఏడాది పొడవునా ఇక్కడే ఉండేవి తక్కువ. మిగతావాటిలో ఎక్కువ యూరప్ నుంచి ఆఫ్రికాకు, అక్కడి నుంచి మళ్లీ పైకి పోతూ మధ్యలో దిగేవి. కింద మొత్తం సముద్రం. పొలిమేరలో సత్రం లాంటిది ఈ దీవి.

నాకు ఇష్టమైనది మాత్రం సైప్రస్ వీటియర్. ప్రపంచంలో ఇంకెక్కడా గూడు కట్టదు. పిచ్చుకంత ఉంటుంది. వీపు నలుపు, నెత్తి తెలుపు. మార్చిలో సూడాన్, ఇథియోపియా వైపు నుంచి వస్తుంది. కరెంటు తీగ మీదో, పైన్ చెట్టు చిట్టచివరో కూర్చుని పాడుతుంది. పాటంటే పాట కాదు, కీచురాయిలా గరగరమంటుంది. మొదటిసారి విన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పాడయిందనుకున్నా.

రెండోది సైప్రస్ వార్బ్లర్. ముళ్లపొదల్లో ఉంటుంది, ఛాతీ మీద నల్ల మచ్చలు. ఇదీ గూడు కట్టేది ఇక్కడే. 1990ల నుంచి సార్డీనియన్ వార్బ్లర్ అనే చుట్టం వచ్చి ఇక్కడే పిల్లల్ని పెట్టడం మొదలుపెట్టింది. అది స్థిరపడిన పొదల్లో దీని సంఖ్య పలచబడుతోంది.

మూడోది త్రోదోస్ అడవుల్లో ఉండే బుల్లి గుడ్లగూబ. యూరప్‌లోని దాని చుట్టాలు చలికాలం ఆఫ్రికా పోతాయి, ఇది దీవి వదలదు. రాత్రి రెండు స్వరాలు. ఆగి, మళ్లీ అవే. దీన్ని ఇప్పుడు వేరే జాతిగా లెక్కిస్తున్నారు.

కెమెరా కిట్టు | నవంబరు 12, సాయంత్రం 7:48

హైదరాబాద్ నుంచి. ఒక చిన్న డౌట్. అక్కడ పాలపిట్ట ఉంటుందా? దసరాకి చూడటం ఎలా మరి?

నికోసియా సత్య | నవంబరు 12, రాత్రి 8:02

@కెమెరా కిట్టు, మన పాలపిట్ట కాదు గానీ దాని యూరప్ చెల్లెలు వస్తుంది. తల, పొట్ట అంతా లేత నీలం, వీపు ఇటుక రంగు. ఏప్రిల్‌లో వచ్చి మట్టి గట్ల బొరియల్లో పిల్లల్ని పెడుతుంది. సెప్టెంబరులో వెళ్లిపోవడం మొదలు. దసరా సెప్టెంబరు చివర్లో పడిన ఏడు చాన్స్ ఉంది. అక్టోబరులో పడితే ఫోన్‌లో ఫొటో చూసి దణ్ణం పెట్టుకోవడమే. నేను రెండేళ్లు అదే చేశా.

తీతువు మాత్రం ఉంది. ఓరోక్లిని సరస్సు దగ్గర. మన తీతువుకు ముక్కు ముందు ఎర్ర తోలు ఉంటుంది కదా, దీనికి అది ఉండదు. తెలుపు నలుపు, రెక్క మడత దగ్గర చిన్న ముల్లు. అరుపు మాత్రం మన పొలాల్లో వినిపించేదానికి దగ్గరగానే ఉంటుంది. మా అత్తగారు వచ్చినప్పుడు తీసుకెళ్తే అది విని వెంటనే కారెక్కేద్దాం అన్నారు. అపశకునమట. ఆ సరస్సుకు రక్షణ దొరికిందే ముఖ్యంగా ఈ తీతువు వల్ల, పొడుగు కాళ్ల స్టిల్ట్ వల్ల అని చెప్పినా వినలేదు.

లిమసోల్ రాజు | నవంబరు 13, రాత్రి 9:30

ఉప్పుగాలి తమ్ముడూ, సరస్సు దగ్గర దిగి నడిచేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. అక్కడ పాత షూటింగ్ రేంజ్ ఒకటి ఉండేది. అది మూసేసి చాలా ఏళ్లయింది గానీ తూటాల సీసపు గుళ్లు బురదలోనే ఉన్నాయి. హంసలకు అరుగుదలకి చిన్న రాళ్లు మింగే అలవాటు. రాయి అనుకుని సీసం మింగుతాయి. 2021 మొదట్లో పదుల సంఖ్యలో చచ్చిపడి ఉంటే పత్రికల నిండా అదే వార్త. తల ఎత్తలేక ఊగుతున్నది కనిపిస్తే దగ్గరికి పోయి సెల్ఫీ దిగకుండా గేమ్ సర్వీస్ (ఇక్కడి వన్యప్రాణుల శాఖ) వాళ్లకు చెప్పు.

అంబాజీపేట అక్క | నవంబరు 15, రాత్రి 11:50

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటా. తప్పులుంటే సర్దుకోండి.

లార్నకాకి తూర్పున ఒక పల్లెలో ఒక పెద్దావిడని చూసుకునే పనిలో ఉన్నా. ఆవిడకి ఎనభై ఆరేళ్లు. యాయా అని పిలుస్తా, ఇక్కడ నాయనమ్మని, అమ్మమ్మని అలాగే అంటారు. మంచి మనిషి. దొడ్లో ఒక చెట్టుంది. వచ్చిన కొత్తలో చూసి, ఇదేంటి మా ఊరి నక్కెర చెట్టు ఇక్కడుంది అనుకున్నా. అదే ఆకు, అవే గుత్తులు, అదే జిగట. చిన్నప్పుడు బడిలో చిరిగిన పుస్తకాలకి నక్కెరపండు నలిపి అంటించేవాళ్లం, గాలిపటాలకీ అదే. సంతోషమేసింది.

ఆ చెట్టు దేనికో పోయిన సెప్టెంబరులో తెలిసింది. ఆవిడ కొడుకు నికోసియా నుంచి వచ్చి పళ్లన్నీ కోశాడు. ఉడకబెట్టాడు, తేనె కలిపాడు. దానిమ్మ పుల్లలు మూరెడేసి కోసి ఆ బంకలో ముంచి, తీసి, తిప్పి, ఎండబెట్టి, మళ్లీ ముంచాడు. వంటిల్లంతా తియ్యటి వాసన. పలహారమేదో చేస్తున్నాడనుకున్నా. తెల్లారి చూస్తే ఆ పుల్లలన్నీ తోటలో కొమ్మల మధ్య పెట్టున్నాయి. పిట్ట వాలితే కాళ్లు అంటుకుంటాయి. ఎగరబోతే రెక్క అంటుకుంటుంది. రెక్క లాక్కోబోయి ముక్కు ఆనిస్తే అదీ అంటుకుంటుంది. తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. ఆయన వచ్చి ఒక్కోదాన్ని తీసి పీక దగ్గర చిన్న కత్తితో… ఇక రాయలేను.

ఈక పీకి, ఉడకబెట్టి, ఉప్పేసి, తలతో సహా తింటారు. ఎముకలు కూడా వదలరు. అంబెలోపూలియా అంటారు. ద్రాక్షతోట పిట్టలని అర్థమంట. నాకూ ఒకటి పెట్టారు. కడుపునొప్పి అని చెప్పి లేచొచ్చేశా.

ఇది తప్పా, ఒప్పా, ఇక్కడ మామూలేనా? ఎవరినడగాలో తెలియలేదు.

సూళ్లూరుపేట మాస్టారు | నవంబరు 16, ఉదయం 5:50

తల్లీ, చాలా బాగా రాశావు. తప్పులేమీ లేవు.

నీ చెట్టును నువ్వు గుర్తుపట్టింది నిజమే. ఇక్కడి నక్కెర, అక్కడి చెట్టు ఒకే కుటుంబం, దగ్గరి చుట్టాలు. మన దగ్గరా పిట్టలు పట్టేవాళ్లు మర్రిపాలు, రావిపాలు కాచి బంక చేసి పుల్లలకు పూసేవారు. మా చిన్నతనంలో చూశాను. కాబట్టి విద్య ఒక్క వాళ్లదే కాదు.

నికోసియా సత్య | నవంబరు 16, ఉదయం 10:10

అక్కా, అది నేరం. ఆ పద్ధతిని చట్టం 1974లోనే నిషేధించింది. 2004లో సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఇంకా గట్టిపడింది. (2020లో మాత్రం కొద్ది పిట్టలతో పట్టుబడితే వేసే జరిమానా తగ్గించారు, దానిమీద పెద్ద గొడవ.) ఎక్కువగా పడేది బ్లాక్‌క్యాప్ అనే పిట్ట. బరువు చూస్తే మన పది రూపాయల బిళ్లలు రెండింటి కంటే కాస్త ఎక్కువ. అది జర్మనీ, పోలండ్ వైపు నుంచి ఎగిరొచ్చి రాత్రికి ఒక చెట్టు దొరికితే చాలనుకుని దిగుతుంది.

ఇంట్లో పుల్లలు పెట్టే ముసలాళ్ల కంటే వలలు వేసే ముఠాలు పెద్ద సమస్య. ధెకేలియా బ్రిటిష్ బేస్ వైపు, పీలా కేప్ దగ్గర, ఆస్ట్రేలియా తుమ్మ చెట్లు నాటి, పైపులేసి నీళ్లు పెట్టి పెంచారు. చుట్టూ బీడు, మధ్యలో పచ్చటి చెట్లు. రాత్రంతా స్పీకర్లో పిట్ట పాట పెడతారు. పైన పోతున్నవి అది విని దిగుతాయి. తెల్లారకముందే రాళ్లు విసిరి వలలోకి తోలతారు. 2016 శరదృతువులో ఆ బేస్ ప్రాంతంలోనే ఎనిమిది లక్షలకు పైగా పిట్టలు చచ్చాయని బర్డ్‌లైఫ్ సైప్రస్, బ్రిటన్ వాళ్ల ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థలు కలిసి అంచనా వేశాయి. ఆ చెట్లు కొట్టేయడానికి బ్రిటిష్ వాళ్లు వస్తే ఊరి జనం రోడ్డుకడ్డంగా నిలబడ్డారు. తర్వాతి ఏళ్లలో నిఘా కెమెరాలు, డ్రోన్లు వచ్చి అక్కడ వలలు బాగా తగ్గాయి.

సూటిగా చెప్తా | నవంబరు 16, మధ్యాహ్నం 3:33

అందరూ కన్నీళ్లు పెడుతున్నారు గానీ, కొల్లేరు పక్కన నీటికోళ్లు, బాతులు పట్టి అమ్మలేదా? మనం కౌజు తినలేదా? వాళ్ల తాతల నాటి తిండి వాళ్లది. పేదరికంలో పొలంలో మాంసం ఎక్కడ దొరుకుతుంది? ఊరికే తెల్లదొరల ఎన్జీవోలు చెప్పిందల్లా నమ్మకండి. డేగ తింటే ప్రకృతి, మనిషి తింటే నేరమా?

లిమసోల్ రాజు | నవంబరు 16, సాయంత్రం 6:20

@సూటిగా చెప్తా, డేగ మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తా. ఎపిస్కోపీ వైపు సముద్రం మీదికి తెల్లటి కొండ చరియలు ఉన్నాయి. అక్కడ ఎలియొనోరా డేగ గూడు పెడుతుంది. మిగతా పిట్టలన్నీ వసంతంలో గుడ్లు పెడితే ఇది జులై చివరిదాకా ఆగుతుంది. ఎందుకంటే దీని పిల్లలు సెప్టెంబరుకు నోరు తెరవాలి. యూరప్ పిట్టలన్నీ సముద్రం దాటేది అప్పుడే. కొండ అంచున గాల్లో నిలబడి, అలసిపోయి వస్తున్నవాటిని పట్టి పిల్లలకు పెడుతుంది. పని అవగానే మడగాస్కర్ పోతుంది. 14వ శతాబ్దంలో సార్డీనియాలో ఎలియొనోరా అనే పాలకురాలు ఉండేది. డేగ గూళ్లకు చట్టంలో రక్షణ పెట్టిందని దీనికి ఆమె పేరు పెట్టారు.

నేను వంద సార్లన్నా చూసుంటా. పది సార్లు దూకితే సగం సార్లు ఖాళీ కాళ్లతో లేస్తుంది. స్పీకరూ పెట్టదు, వలా వేయదు.

సూటిగా చెప్తా | నవంబరు 16, సాయంత్రం 6:41

మంచి డైలాగే. కానీ ఆ అక్క చెప్పిన పెద్దావిడ ముఠా కాదు కదా.

సూళ్లూరుపేట మాస్టారు | నవంబరు 16, రాత్రి 8:15

సుబ్బరంగా అడిగావు. పేదరికం నాటి తిండి అన్నమాట నిజం, కాదనను. ఆ రోజుల్లో ఇంటికి నాలుగు పిట్టలు. ఇప్పుడు అదే పిట్ట హోటల్లో దొంగచాటుగా డజను నలభై యూరోలు, ఆపైన. పేదవాడు తినేది కాదు అది. కొల్లేరులో చేసిందీ తప్పే. అక్కడ పట్టారు కాబట్టి ఇక్కడా పట్టొచ్చంటే పిట్టకేమి ఒరుగుతుంది?

అంబాజీపేట అక్క | నవంబరు 17, రాత్రి 12:20

నేనొకటి దాచాను, చెప్పేస్తా.

అక్టోబరులో ఒకరోజు తెల్లవారుజామున యాయా ఇంకా లేవలేదు. దొడ్లోకి వెళ్తే దానిమ్మ చెట్టులో ఒకటి వేలాడుతోంది. నెత్తి మీద ఇటుక రంగు టోపీ. ఒక కాలు, ఎడమ రెక్క అంటుకున్నాయి. లాగితే ఈకలు ఊడొస్తున్నాయి. ఏం చేయాలో తెలియక, చిన్నప్పుడు నక్కెర బంక జుట్టుకి అంటితే మా అమ్మ ఉమ్మి తడి చేసి తీసేది, అది గుర్తొచ్చింది. నోట్లో వేలు తడిపి ఒక్కో ఈకా విడదీశా. అరగంట పట్టింది. దాని గుండె నా బొటనవేలికి కొట్టుకుంటూనే ఉంది. గాబులో నీళ్లు చుక్క పెడితే తాగలేదు. పొదలో వదిలా. తర్వాత ఏమైందో తెలీదు. తోక సగం పోయింది.

ఫిర్యాదు చెయ్యమంటారేమో. చేస్తే ఈ ఇంట్లో పని పోతుంది. పని పోతే వీసా. అప్పు ఇంకా లక్షా ఎనభై ఉంది. నాకు ధైర్యం లేదు.

నికోసియా సత్య | నవంబరు 17, ఉదయం 7:30

ఇటుక టోపీ అంటే ఆడ బ్లాక్‌క్యాప్ అక్కా. మగదానికే నలుపు. ఫిర్యాదు సంగతి ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టరు. ఊరి పేరు కూడా ఇక్కడ రాయకండి.

ఉప్పుగాలి | నవంబరు 17, ఉదయం 8:05

అక్కా, ముందు మీ ఉద్యోగం చూసుకోండి. ఎవరేమన్నా నేనున్నా.

కెమెరా కిట్టు | జనవరి 6, రాత్రి 9:00

థ్రెడ్ పైకి లేపుతున్నా. హంసలు ఎన్నయ్యాయి? ఫొటోలేవి?

ఉప్పుగాలి | జనవరి 7, రాత్రి 11:10

లెక్కపెట్టడం మానేశా అన్నా. పొద్దున పూట మసీదు, దాని వెనక ఖర్జూరం చెట్లు, ముందు గులాబీ రంగు. అది హాలా సుల్తాన్ తెక్కె, ప్రవక్త బంధువు ఉమ్ హరామ్ సమాధి అక్కడే ఉందంటారు. బూడిద రంగు పిల్లలు గుంపుకి ఒక అంచున వేరుగా ఉంటున్నాయి. అన్నీ ఒకేసారి గొణుగుతుంటే మన ఊళ్లో బాతుల మంద వెళ్తున్నట్టే ఉంది. ఇంత అందమైన పిట్టకి ఆ గొంతేంటో.

అడగడం మర్చిపోయా, ఇక్కడ పార్కులో రామచిలకలు చూశా. నిజమేనా, కళ్లు మోసం చేశాయా?

నికోసియా సత్య | జనవరి 8, ఉదయం 9:40

నిజమే. పంజరాల్లోంచి తప్పించుకున్నవి, ఇక్కడే పిల్లల్ని పెట్టి స్థిరపడ్డాయి. వీసా టెన్షన్ లేకుండా సెటిలైంది అవే.

లిమసోల్ రాజు | జనవరి 8, రాత్రి 10:00

రాబందుల గురించి ఎవరూ రాయలేదు, ఒక ముక్క. ఈ దీవిలో గ్రిఫన్ రాబందులు దాదాపు అంతరించే స్థితికొచ్చాయి. మన దగ్గర పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు చంపితే, ఇక్కడ నక్కలకీ కుక్కలకీ పెట్టిన విషపు మాంసం చంపింది. ముందు క్రీట్ నుంచి, 2022 నుంచి స్పెయిన్ నుంచి తెచ్చి వదులుతున్నారు. పోయిన ఆదివారం కొండ మీద రెండు తిరుగుతుంటే చూశా. రెక్క ఆడించకుండా ఇరవై నిమిషాలు.

సూళ్లూరుపేట మాస్టారు | జనవరి 9, ఉదయం 6:00

మనకూ ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్టలో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టాయి. చూడాలని ఉంది, మోకాళ్లు సహకరించాలి.

ఉప్పుగాలి | మార్చి 24, రాత్రి 1:15

ఈ రోజు సరస్సు ఖాళీ. నిన్న సాయంత్రం కూడా ఓ యాభై ఉన్నాయి. రాత్రి లేచిపోయినట్టున్నాయి. ఒక బూడిద రంగు పిల్ల మాత్రం మిగిలింది, నడుస్తోంది, తింటోంది, బాగానే ఉంది. కానీ హంసలు పోయిన బాధలో ఉంటే కరెంటు తీగ మీద నుంచి గరగర. సత్యగారూ, మీ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసింది!

అంబాజీపేట అక్క | జూన్ 19, రాత్రి 10:30

అందరూ బాగున్నారా. ఒక సంగతి చెప్పాలని వచ్చా.

యాయా మొన్న ఒక కథ చెప్పింది. ఆ ఉప్పు సరస్సు ఒకప్పుడు ద్రాక్షతోట అంట. లాజరస్ అనే సాధువు దాహమేసి ద్రాక్షపళ్లు అడిగితే, తోటావిడ బుట్టలో ఉన్నది ఉప్పని అబద్ధమాడిందంట. అయితే ఉప్పే అవుగాక అన్నాడంట. నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ద్రాక్షతోట పిట్టలే గుర్తొచ్చాయి.

పక్క వీధిలో రాజస్థాన్ అమ్మాయి ఒకతి పనిచేస్తోంది. మన నక్కెరని వాళ్లు లసోడా అంటారంట, పచ్చికాయ ఊరగాయ పెడతారంట. యాయాని అడిగా, ఈ కాయలు కోసుకోనా అని. కోసుకో, రాలి దొడ్డంతా జిగట అంది. ఇద్దరం నిచ్చెన వేసుకుని అందినంతవరకు కోసేశాం. ఉడికించి, చిదిమి, వేళ్లకి ఉప్పు రాసుకుని ఒక్కో గింజ తీయాలి, లేకపోతే చెయ్యంతా బంకే. ఆవపిండి, కారం, ఉప్పు కొలత మాత్రం మా అమ్మది. నువ్వుల నూనె దొరక్క ఆలివ్ నూనె పోశా, తిట్టకండి. ఐదు సీసాలయ్యాయి. యాయా రొట్టెతో నంజుకుని కళ్లలో నీళ్లు పెట్టుకుని ఇంకొంచెం వెయ్యమంది.

పైకొమ్మలవి అందలేదు. ఆయన కావాలంటే బంక బయట కొనుక్కోవచ్చు, అదీ తెలుసు. సెప్టెంబరులో వచ్చి చెట్టు చూసి ఏమంటాడో మరి.

సూళ్లూరుపేట మాస్టారు | జూన్ 20, ఉదయం 5:40

ఆలివ్ నూనెతో ఆవకాయ! తల్లీ, ఆ ఒక్కదానికీ క్షమించలేను.

ఉప్పుగాలి | జూన్ 20, ఉదయం 8:15

అక్కా నాకొక సీసా ఉంచండి. ఆదివారం బండేసుకుని వస్తా, పెట్రోలు నాది.

అంబాజీపేట అక్క | జూన్ 20, మధ్యాహ్నం 2:05

రా తమ్ముడూ. ఖాళీ సీసా నువ్వే తెచ్చుకో. గేటు దగ్గర హారన్ కొట్టకు, గోడ మీద వానకోయిల గూడు పెట్టింది.